కరెంటు పోతే గిరెంటు: ఈ వేసవి మాటల కబుర్లు

ఈ ఏడు ఎండలతో పాటు ఒక మాట కూడా అందరినీ ఇబ్బంది పెడుతోంది. పరాభవ. మార్చి 19న ఉగాది అయింది, విశ్వావసు వెళ్ళి పరాభవ నామ సంవత్సరం వచ్చింది. ఆ పేరు పక్కన 'శుభాకాంక్షలు' అని రాసి పంపడానికి చాలామందికి చెయ్యి రాలేదు. అవమానమని తెలిసిన మాటను పండగ పూట ఎవరికి పంపుతాం? మా గుళ్ళో పంచాంగం చదివిన సిద్ధాంతిగారు ఈ సంగతి ముందే కనిపెట్టారు. "పరాభవం మనకు కాదమ్మా, మన కష్టాలకు" అని మొదటి మాటగా చెప్పి, ఆ తర్వాతే ఆదాయ వ్యయాల్లోకి దిగారు. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు ఇంకా ముందుకు వెళ్ళారు. "పర అంటే శత్రువు, అభవ అంటే లేకపోవడం, శత్రువులు లేని ఏడాది" అని మాటను విరిచి చూపించారు. ఇది 'పరా' అనే ఉపసర్గతో ఏర్పడిన మాట కాబట్టి వ్యాకరణం దగ్గర ఆ విరుపు నిలబడదు. అయినా అది విన్నాక గుళ్ళో అందరి మొహాలూ తేటపడ్డాయి. ఉగాది పచ్చడి చేదు కూడా కాస్త తగ్గినట్టే అనిపించింది.

ఈ అరవై పేర్ల పుట్టుకకు మనవాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. నారదుడు మాయలో పడి ఆడదై, అరవైమంది బిడ్డలను కన్నాడని, ఆ బిడ్డల పేర్లే ప్రభవ మొదలు అక్షయ దాకా ఏళ్ళకు నిలిచాయని. కథ అందంగా ఉంది కానీ, ఆ పేర్లలోకి జనం జీవితం ఎలా వచ్చి చేరిందన్నది నాకు అంతకంటే పెద్ద సంగతి. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు వచ్చింది నందన నామ సంవత్సరంలో. నందనం అంటే ఇంద్రుడి తోట, ఆనందమిచ్చేది. ఆ ఏటి నుంచి ఆ మాట అక్కడి పల్లెల్లో 'నందన కరువు' అయి కూర్చుంది. మనుషుల డొక్కలు బయటపడ్డాయి కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. 1876లో ధాత వచ్చింది. ధాత అంటే సృష్టించేవాడు, పోషించేవాడు. ఆ ఏడు మొదలైన కరువును రాయలసీమ ఇప్పటికీ 'ధాత కరువు' అనే తలుచుకుంటుంది. నిఘంటువు చెప్పిన అర్థం ఒక పక్క, జనం అనుభవించిన అర్థం ఇంకో పక్క. నిలిచింది జనం అర్థమే.

కాబట్టి పరాభవ పేరు విని జంకనక్కరలేదు. కిందటి పరాభవ 1966-67లో వచ్చింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ ఊళ్ళకు ఊళ్ళు కదిలింది ఆ ఏడాదే. అందులో ప్రాణాలు పోయాయి, చివరికి కర్మాగారం వచ్చింది. ఆ ఏడు పుట్టినవాళ్ళకు ఇప్పుడు షష్టిపూర్తి. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, పేరు చూసి మొహమాటపడకుండా పండగ చేయండి.

పరాభవలోనే ఇంకో తమాషా ఉంది. ఈసారి జ్యేష్ఠాలు రెండు. మే నడుమ నుంచి జూన్ నడుమ దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. మా వీధిలో నాలుగో తరగతి పిల్ల కాలెండరు చూసి, "రెండోది నిజ జ్యేష్ఠమైతే మొదటిది అబద్ధం జ్యేష్ఠమా?" అని అడిగింది. ఎంత చక్కటి ప్రశ్న! సంస్కృతంలో 'నిజ' అంటే తనదైన, సొంతమైన అని. తెలుగులోకి వచ్చాక అది సత్యమైంది. పిల్లకు తెలిసింది తెలుగు నిజమే, కాబట్టి దాని లెక్క దానికి సరిపోయింది. పైగా అధికమాసంలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. పంతుళ్ళు, మేళగాళ్ళు, వంటవాళ్ళు ఒక నెల ఊపిరి పీల్చుకునే కాలం. వాళ్ళను అడిగితే అబద్ధం జ్యేష్ఠమన్న పేరు బాగానే కుదిరిందంటారు.

ఎండల విషయానికొస్తే, బెజవాడకు వేసవిలో ఉండే రెండో పేరు మళ్ళీ బయటికొచ్చింది. బ్లేజ్‌వాడ. ఇక్కడి ఎండకు తాళలేక తెల్లదొరలు అలా పిలిచారని, అదే నోళ్ళలో నాని బెజవాడ అయిందని ఇప్పటికీ నమ్మకంగా చెప్పేవాళ్ళున్నారు. బెజవాడ అన్న పేరు ఇంగ్లీషువాళ్ళు ఈ గట్టు ఎక్కకముందు నుంచే ఉంది, కాబట్టి ఆ కథ చెల్లదు. స్థలపురాణం దారి వేరు. కొండ అడ్డుపడి కృష్ణమ్మకు దారి లేకపోతే కొండకు బెజ్జం పడిందని, అది బెజ్జంవాడ అని. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసిన అర్జునుడికి విజయుడనే పేరు కూడా ఉంది కదా, ఆ విజయుడి పేరునే విజయవాడ అని ఇంకో కథ. ఒక ఊరికి మూడు కథలుంటే అది ఊరి ఆస్తి. బ్లేజ్‌వాడను మాత్రం ఎండ ఆస్తిగా లెక్కేద్దాం.

పల్నాడులో రెంటచింతల పేరు వేసవి రాగానే వార్తల్లో మోగుతుంది. 'రెంట' అన్నదాన్ని రెండుగా తీసుకుంటే రెండు చింతచెట్ల ఊరు అవుతుంది. చింతకు ఇంకో అర్థం దిగులు. మే నెలలో అక్కడ ఒక రోజు గడిపితే ఆ రెండు దిగుళ్ళు ఏవో చెప్పనక్కరలేదు, ఒకటి ఎండ, ఇంకోటి నీళ్ళు.

వడదెబ్బ అన్న మాట విన్నప్పుడల్లా పిల్లలకు మినప్పప్పు వడే కళ్ళముందు కనిపిస్తుంది. వడ అంటే వేడిగాలి అని తెలిసేదాకా, వడ తింటే తగిలే దెబ్బా, వడతో కొట్టే దెబ్బా అన్న చర్చ నడుస్తూనే ఉంటుంది. వడగళ్ళ వాన పడిన రోజైతే చెప్పేదే లేదు. ఎండమావి సంగతీ అంతే. మావిచిగురు అంటే మామిడి చిగురని బళ్ళో చెప్పారు, కాబట్టి ఎండమావి ఎండలో కాసిన మామిడి అని మా మేనల్లుడు తేల్చేశాడు. వాడు చెప్పింది తప్పే. కానీ రోడ్డు మీద దూరంగా నీళ్ళలా మెరిసి, దగ్గరికి వెళ్తే మాయమయ్యేదానికి ఒక కాయ పేరు పెట్టుకుని ఎదురుచూడటంలో ఏదో సొగసుంది.

చలివేంద్రాలు మాత్రం ఈసారి మా వైపు బాగా పెట్టారు. కుండలకు తడి గోనెసంచులు చుట్టి, కొన్నిచోట్ల మజ్జిగ కూడా ఇస్తున్నారు. 'చలి కేంద్రం' అని బ్యానరు రాయించిన కుర్రాళ్ళను ఒకచోట చూశాను. వాళ్ళ ఊహ సహజమే, మన చుట్టూ ఆరోగ్య కేంద్రాలు, రైతుసేవా కేంద్రాలు, అన్నీ కేంద్రాలే కదా. పాత నిఘంటువుల్లో చూస్తే చలిపందిరి, చలివందిరి అనే రూపాలు కనిపిస్తాయి. చల్లదనం కోసం వేసిన పందిరి. ఎండన పడి వచ్చినవాడికి దాహం తీర్చడానికి పందిరి వేయడం మన ఊళ్ళలో ఎంత పాత పనో ఆ మాటే చెబుతుంది. బ్యానరు మీద ఏం రాసినా, కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి, నాకు అది చాలు.

ఇక మామిడిపళ్ళు. బంగినపల్లి ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె పేరు మోస్తున్న పండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాదు బజార్లో అదే పండు బేనిషాన్. నిషాన్ అంటే గుర్తు, మచ్చ. బే అంటే లేనిది. తొక్క మీద మచ్చ లేని పండని ఆ పేరుకు చెప్పే అర్థం. చిలక ముక్కులా కొస తిరిగి ఉంటుంది కాబట్టి తోతాపురి తోతాపురి అయింది, తోతా అంటే చిలక. ఆ కాయే మన ఆంధ్ర బజార్లలో 'కలెక్టరు'. ఏ కలెక్టరు, ఎందుకు అని అడిగితే ప్రతి పళ్ళబండి దగ్గరా ఒక కథ దొరుకుతుంది. మా బండి అతను చెప్పింది నాకు నచ్చింది. "ఉప్పూకారం పెడితే ఎవరి నోరైనా మూయిస్తాదండి, అందుకే కలెక్టరు" అన్నాడు. దీన్ని నేను ఏ నిఘంటువులోనూ వెతకదలుచుకోలేదు. ఇమాంపసంద్ అంటే ఇమాం గారు ఇష్టపడినదని అర్థం. అది నోరు తిరక్క హిమాంపసంద్ అయింది. దాంతో హిమం అంటే మంచు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి తినాల్సిన పండు అని మా పిన్ని నమ్మకం. ఆవిడ ఇంట్లో ఆ పండు చల్లగానే పెడతారు, చల్లగానే బాగుంటుంది కూడా.

సీమచింతకాయలు ఈసారి బళ్ళ దగ్గర బాగా కనిపించాయి. పింక్ తెలుపు గుజ్జు, నల్ల గింజ. అది మెక్సికో వైపు నుంచి సముద్రం దాటి వచ్చిన చెట్టు. బయటి దేశం నుంచి వచ్చిన ప్రతిదానికీ మనవాళ్ళు ముందు 'సీమ' తగిలించి ఇంట్లోకి రానిచ్చారు. సీమచింత, సీమవంకాయ, సీమకోడి, చివరికి సీమదొర. కాయలూ కోడీ ఉండిపోయాయి.

ఆవకాయ పనులు చాలా ఇళ్ళలో అయిపోయాయి. ఆవ అంటే ఆవాలు. పట్నం పిల్లలు మాత్రం ఆవుకు సంబంధించిన కాయ అనుకుంటారు. మాగాయ దగ్గర పెద్దవాళ్ళకే తగాదా ఉంది. మాగిన కాయ మాగాయ అని ఒక వర్గం, 'మా' అంటే మామిడి, మామిడికాయే మాగాయ అని ఇంకో వర్గం. మా ఇంట్లో ఈ రెండు వర్గాలూ ఒకే జాడీలోంచి వేసుకుంటాయి. గోగు కూర గోంగూర అయిందన్న దాంట్లో మాత్రం తగాదా లేదు. తెలంగాణలో దాన్నే పుంటికూర అంటారు. పులిహోరలో పులి జంతువు కాదు, పులుపు. కన్నడంలో పుళియోగరె, తమిళంలో పుళియోదరై దాని తోబుట్టువులు. ఈ మధ్య కాలేజీ కుర్రాళ్ళ నోట 'పులిహోర కలపడం' అంటే అమ్మాయితో తీయగా మాటలు కలపడం. పులుపు మాట తీపి అర్థానికి ఎలా వెళ్ళిందో చూడండి. పోపు, ఇంగువ, జీడిపప్పు అన్నీ కలిపి ఓపిగ్గా కలిపితేనే పులిహోర కుదురుతుంది కాబట్టి, ఈ కొత్త అర్థం కనిపెట్టినవాడికి వంట తెలుసని నా ఊహ.

అధికమాసానికి ముందు జరిగిన పెళ్ళిళ్ళలో ఒకదానికి వెళ్ళాను. బంతి భోజనం పెట్టారు. పక్కన కూర్చున్న బుడ్డోడు బంతి ఎక్కడుందని వెతికాడు. పంక్తి అన్న మాటే బంతి అయింది, వరసగా కూర్చుని తినడం. వాడికి ఆ మాట చెబితే, "మరి తలంబ్రాలు?" అన్నాడు. తల మీద పోసుకునే ప్రాలు. ప్రాలు అంటే బియ్యం. ఇప్పుడు కొట్టుకు వెళ్ళి పది కిలోల ప్రాలు ఇవ్వమని ఎవరూ అడగరు. ఆ మాట వంటింట్లోంచి, కొట్లోంచి, పొలంలోంచి వెళ్ళిపోయి, పెళ్ళి పీటల మీద మాత్రం దాక్కుంది. ప్రతి ముహూర్తానికీ ఒకసారి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళిపోతుంది. ఇలాంటివి ఎన్ని మాటలున్నాయో! అందుకే పిల్లలు అడిగినప్పుడు విసుక్కోకూడదని నా గట్టి నమ్మకం. తమాషా అర్థం చెబితే తమాషా అని తెలిసేలా చెబుదాం, అసలు పుట్టుక తెలిస్తే అదీ చెబుదాం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా మనుషులను పంపి రైతుల నోళ్ళలోంచి నాగలి మాటలు, కాడి మాటలు ఏరి వృత్తిపదకోశం తెచ్చారు. 1962లో మొదటి సంపుటం వ్యవసాయం మీద వచ్చింది. అప్పుడు అడగకపోయి ఉంటే వాటిలో ఎన్నో ట్రాక్టరు చప్పుడులో కలిసిపోయేవి. అడగడం అంత విలువైన పని.

హైదరాబాదు కబుర్లకు వద్దాం. సెలవుల్లో అక్కడికి వెళ్ళినవాళ్ళు మెట్రోలో మలక్‌పేట దాటాక 'మూసారాంబాగ్' అన్న స్టేషను పేరు వినే ఉంటారు. మూసా అనే ముస్లిం, రాం అనే హిందువు కలిసి వేసిన తోట అని ఆ పేరుకు అర్థం చెప్పినవాళ్ళను నేను ఎరుగుదును. మంచి అర్థం. అసలు కథ దానికంటే వింత. మిషెల్ జోయకిమ్ రేమండ్ అని 1755లో ఫ్రాన్సులో పుట్టిన సేనాని ఒకాయన రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ దగ్గర చేరాడు. ఫ్రెంచివాళ్ళు 'అయ్యా' అన్నట్టుగా 'మొస్యూ' అంటారు. మొస్యూ రేమండ్ అన్నది ఇక్కడి నోళ్ళలో ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయింది. ఎవరికి వాళ్ళు ఆయన్ను తమవాడిగా పిలుచుకున్నారు. 1798లో ఆయన పోయాక ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు, అది ఇప్పటికీ ఉంది. చూడండి, కల్పించిన అర్థం, అసలు అర్థం రెండూ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చాయి. పరదేశి పేరును నోరు తిరగక వంకర చేశారని కొందరు అంటారు. నాకైతే అది ఆదరణలానే కనిపిస్తుంది. అబిడ్స్ కూడా ఇలాంటిదే, ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ దుకాణం పేరే ఆ వీధికంతా నిలిచింది.

"వాడేమన్నా పెద్ద తురుంఖానా?" అని మనం అంటూ ఉంటాం. గొప్పలు పోయేవాడిని అడ్డుకోవడానికి వాడే మాట. తురుము అంటే కొబ్బరి తురుములాంటిదేదో అనుకుని, బాగా తురిమి పారేసేవాడని అర్థం చెప్పినవాళ్ళున్నారు. ఈ మాట వెనక తుర్రెబాజ్ ఖాన్ ఉన్నాడని చెబుతారు. 1857 జులై 17న ఆయన, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి ఫలించలేదు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. అల్లావుద్దీన్‌ను అండమాను పంపారు. అంత తెగువ చూపిన మనిషి పేరు ఇవాళ ఎగతాళి మాటగా మిగలడం నాకు బాధగానే ఉంటుంది. ఈసారి ఎవరైనా మిమ్మల్ని తురుంఖాన్ అంటే మాట పడినట్టు అనుకోకండి, సంతోషంగా తీసుకోండి. జులై వస్తోంది, కోఠీ వైపు వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ రెసిడెన్సీ భవనం చూపించి ఈ కథ చెప్పండి.

దీనికి తోడు 'గాడిదగుడ్డు' కథ ఈ వేసవిలో మళ్ళీ ఫోన్లన్నీ తిరిగింది. తెల్లదొర ఎవరో 'గాడ్ ది గుడ్' అని దేవుణ్ణి తలుచుకుంటే, పక్కన ఉన్న మనవాడికి అది గాడిదగుడ్డులా వినిపించిందట. వినడానికి సరదాగా ఉంది, నాకు మాత్రం నమ్మకం లేదు. గాడిద గుడ్డు పెట్టదు, లేనిదానికి అది పేరు. అలా లేనివాటికి పేర్లు పెట్టడం మన దగ్గర చాలా పాత అలవాటు. కుందేటి కొమ్ము ఉంది, ఆకాశ పుష్పం ఉంది, గొడ్రాలి కొడుకు ఉన్నాడు, ఇసుకలోంచి తీసిన తైలం ఉంది. తర్కం చదువుకున్న పండితులు గంభీరంగా వాడిన ఈ వరసలోనే పల్లెటూరివాడు తన పెరట్లోని గాడిదను తెచ్చి నిలబెట్టాడు. దొరను పిలవాల్సిన అవసరం ఎక్కడుంది? లేనిదాన్ని ఊహించి, దానికి పేరు పెట్టి, ఆ పేరుతో ఎదుటివాడి వాదన కొట్టిపారేయడానికి కావలసిన తెలివి మనవాళ్ళకు సొంతంగానే ఉంది.

ఆ తెలివికి పట్టాభిషేకం చేసినవాడు పింగళి నాగేంద్రరావుగారు. 1901లో పుట్టి 1971 మే నెలలో వెళ్ళిపోయారు. ఆయన మాటలు రాసిన మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. ఏటా ఈ సెలవుల్లో ఏదో ఒక టీవీలో వస్తుంది, ఈసారీ వచ్చింది, మూడు తరాలు కలిసి చూశాం. కొత్త మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందేనని ఘటోత్కచుడి చేత ఆయన అనిపించిన ఘట్టం అందరికీ తెలుసు. ఆయన పుట్టించిన పద్ధతి మీద నాకు చాలా ఇష్టం. అస్మదీయులు అంటే మనవాళ్ళు, సంస్కృతంలో ఉన్న మాటే. దాన్ని రాక్షస పిల్లల నోటికి తగ్గట్టు అసమదీయులు చేసి, దానికి జతగా కానివాళ్ళకు 'తసమదీయులు' అని ఒక మాట తయారు చేశారు. దుష్టచతుష్టయం దుసట చతుసటయం అయింది. ఇవి వినగానే అర్థమయ్యాయి, ఇప్పటికీ రాజకీయాల కబుర్లలో మనవాళ్ళూ పైవాళ్ళూ అనడానికి పేపర్లవాళ్ళు అవే వాడుతున్నారు.

వాటికంటే కూడా గిల్పం, గింబళి గొప్పవి. తెలుగులో ఏ మాటకైనా వెనక 'గి' పెట్టి నీడలాంటి ఇంకో మాట తెస్తాం. పులీ గిలీ, పెళ్ళీ గిళ్ళీ, కాఫీ గీఫీ. మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. ఈ సూత్రం ఎవరూ బళ్ళో చెప్పరు, రెండేళ్ళ బిడ్డ కూడా తప్పు చేయదు. ఆ రెండో మాటకు అర్థం లేదు, 'అలాంటివి' అని చెప్పడానికే ఉంది. పింగళిగారు ఆ అర్థం లేని సగాన్ని పట్టుకున్నారు. తల్పం అంటే పడుకునేది, మరి గిల్పం? పడుకున్నవాణ్ణి కింద పడేసేది! కంబళి అంటే కూర్చునేది, మరి గింబళి? ఎక్కి నిలుచున్నవాణ్ణి గిర్రున తిప్పేది! తరతరాలుగా మాట వెనక నీడలా నడిచిన శబ్దానికి ఆయన ఒళ్ళు ఇచ్చారు, పని ఇచ్చారు. తెలుగు మాట తీరును ఇంతగా లోపలి నుంచి చూసిన రచన ఇంకోటి నాకు తట్టదు.

ఇంకో సంగతి గమనించారా? మాయాబజార్ వచ్చిన వారం తిరక్కుండానే, 1957 ఏప్రిల్ 1న దేశంలో నయాపైసలు వచ్చాయి. అణాలు, బేడలు, కాణీలు సెలవు తీసుకోవడం మొదలైంది. బేడ అంటే రెండణాలని ఇప్పుడు చెప్పాల్సి వస్తుంది. పావలా మాత్రం మొండిది, నాలుగణాలు పోయినా పాతిక పైసల్లో దూరి చాలా ఏళ్ళు బతికింది. పదహారణాలు నాణెం లేకుండా బతుకుతున్నాయి, పదహారణాల తెలుగమ్మాయి అని అనకుండా ఏ పెళ్ళిచూపుల వర్ణనా పూర్తి కాదు. కొన్ని మాటలు జేబుల్లోంచి పోతున్న వారంలోనే కొన్ని మాటలు తెర మీద పుట్టాయి.

పిల్లల ఆటల్లో వినిపించే మాటలు రాయకపోతే వేసవి కబుర్లు పూర్తి కావు. ఫోన్లు వచ్చి ఆటలు పోయాయని మనం అంటూ ఉంటాం గానీ, సాయంత్రం ఆరు దాటాక మా వీధిలోకి వస్తే మీకు 'తొండి' వినిపిస్తుంది, 'తూచ్' వినిపిస్తుంది. తొండి అంటే ఆటలో మోసం. గోడ మీద తల ఊపే తొండకూ దీనికీ చుట్టరికం ఉందని పిల్లల వాదన, ఎందుకంటే అదీ అన్నిటికీ తల ఊపుతుంది కానీ చెప్పినచోట నిలవదు. తూచ్ అంటే ఇప్పటిదాకా జరిగింది లెక్కలోకి రాదని. చదరంగానికీ, క్రికెట్టుకూ, మాట తప్పడానికీ పనికొస్తుంది. ఆడపిల్లలు 'క' భాష మళ్ళీ మొదలుపెట్టారు. ప్రతి అక్షరం ముందూ క తగిలించి, 'నువ్వు రా' అనడానికి 'కను కవ్వు కరా' అని గడగడా మాట్లాడుకుంటున్నారు. మా అమ్మ గుమ్మంలో కూర్చుని అదే భాషలో జవాబిచ్చేసరికి వాళ్ళ మొహాలు చూడాలి! రహస్యం బయటపడిందని కాసేపు దిగులు, తర్వాత అమ్మమ్మను జట్టులో చేర్చుకోవడం.

మాయాబజార్ చూసిన మర్నాడు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఒక ఫ్యాను, ఒక దీపం వెలిగాయి. "కరెంటు పోయింది, గిరెంటు ఉంది" అన్నాడు మా మేనల్లుడు. అంతే, వీధి అంతా పాకింది. ఇప్పుడు మా దగ్గర ఇన్వర్టరును ఇన్వర్టరు అనేవాళ్ళు లేరు. పక్కింటి పెద్దావిడ కూడా "మీకు గిరెంటు ఎంతసేపు ఆగుతుందమ్మా?" అని అడుగుతున్నారు. దాని వెనకే ఇంకొన్ని వచ్చాయి. సెలవుల్లో కోచింగుకు పంపితే అవి సెలవులు కావు, గిలవులు. కార్బైడు వేసి రంగు తెప్పించిన, వాసన లేని పండు మామిడి కాదు, గీమిడి. పాలు అయిపోయి ఒట్టి డికాషను తాగాల్సి వస్తే అది గీఫీ. భోజనాల వేళకు సరిగ్గా దిగి, పని చెబితే మాయమయ్యే చుట్టాలు గిట్టాలు. ఇది పెద్దవాళ్ళ సాయంతో తయారైంది, ఎవరి సాయమో చెప్పను.

వీటిని ఒక నోటుపుస్తకంలో రాస్తున్నారు. మాట, పుట్టిన రోజు, పుట్టించినవాళ్ళ పేరు, ఎలా వాడాలో ఒక వాక్యం. గీమిడి కాదు, గిమిడి కావాలని ఒకరోజు పెద్ద గొడవ, చివరికి 'మా' పొడుగు కాబట్టి గీమిడే అని తీర్పు. నిన్న మాత్రం చిక్కులో పడ్డారు. గిన్నె ముందే 'గి'తో మొదలవుతుంది, దాని నీడకు ఏం పేరు పెట్టాలి? 'గిన్నే గిన్నే' అంటే రెండు గిన్నెలు అవుతాయి. వంటింట్లో అడిగితే 'గిన్నెలూ గట్రా' అంటామని మా పిన్ని చెప్పింది. అయితే గట్రా అంటే ఏమిటో, అది ఏ గిన్నెకు చెల్లెలో తేల్చాలని ఇవాళ మధ్యాహ్నం సమావేశం పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు, పాత నిఘంటువు వెంట తెమ్మన్నారు.